పద్నాలుగు పడని పాచికలు

దుకాణంలో వగ్దీ నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "మీది ఏ తరం, హాగ్?"

నేను నిజాయితీగానే జవాబిచ్చాను. డెబ్బై మూడులో అక్టోబర్ యుద్ధం నాటికి అయిదో తరగతిలో ఉన్నాననీ, విమానాల భయంతో బడి కిటికీ అద్దాలకు నీలం రంగు పూసుకున్న తరం మాదనీ చెప్పాను. వగ్దీ కళ్ళజోడు తీసి తుడుచుకుని, తాను అడిగింది నా గురించి కాదని, నా కంప్యూటర్ గురించని అన్నాడు. పక్కనున్న ఇద్దరు నవ్వాపుకోలేక గోడవైపు తిరిగారు. హాగ్ అని పెద్దరికం ఇచ్చి పిలిచి, అరవై దాటిన మనిషిని పట్టుకుని తరం అడిగితే ఇంకేం చెప్తాడు? ఆ రోజు తిరగడం మొదలైన నా బుర్ర ఇప్పటికీ పూర్తిగా కుదుటపడలేదు.

నా కంప్యూటర్‌ది నాలుగో తరమట. అంటే దాని లోపల లెక్కలన్నీ చేసే బిస్కెట్టంత చిప్పు ఉంటుందే, ప్రాసెసర్, అది నాలుగో తరానిది. ఇప్పుడు నడుస్తున్నది పద్నాలుగో తరమని వగ్దీ జాలిగా చెప్పాడు. మధ్యలో పది తరాలు ఎప్పుడు పుట్టాయో, ఎప్పుడు పోయాయో నాకు తెలీదు. నేను అలెగ్జాండ్రియాలో బకోస్ ట్రామ్ స్టేషన్ వెనక సందులో కూర్చుని పెళ్ళిళ్ళ సినిమాలు కత్తిరించుకుంటున్నాను.

నా అంతట నేనైతే ఆ కంప్యూటర్ల దుకాణం మెట్లెక్కేవాణ్ణి కాదు. ఎక్కించింది పెద్దావిడ హాగ్గా దవ్లత్. సిదీ బిష్ర్‌లో పెళ్ళిళ్ళ హాలు ఆవిడదే, నాకు వచ్చే పెళ్ళిళ్ళలో ముప్పాతిక ఆ హాలు నుంచే వస్తాయి. పెళ్ళి మర్నాడు పొద్దున్నే సబాహియ్య. అమ్మాయి తరఫువాళ్ళు గోధుమ రవ్వ కూరిన పావురాలు, ఫెతీర్ రొట్టెలు మోసుకుని కొత్త జంట ఇంటికి వస్తారు. ఇప్పుడు అందరికీ ఆ పూటే టీవీలో పెళ్ళి సినిమా వేసుకుని చూడాలని సరదా. గ్లీమ్‌లో కొత్తగా తెరిచిన స్టూడియోవాళ్ళు పొద్దుటికల్లా చేతిలో పెడుతున్నారు. నా కంప్యూటర్ మాత్రం కత్తిరించిన ముక్కలన్నీ కలిపి సినిమాగా వండేసరికి మధ్యాహ్నం దాటి అస్ర్ నమాజు వేళవుతుంది. అప్పటికి పావురాల ఎముకలు వీధి పిల్లులకు చేరిపోతాయి.

దవ్లత్ ఫోనులో ఉన్నమాట అనేసింది. "బహ్గత్, నీ సినిమా వచ్చేలోపు పెళ్ళికూతురు నెల తప్పుతోంది. పెద్ద పండగ బక్రీదు తర్వాత ముహూర్తాలన్నీ సబాహియ్యకి సినిమా ఇచ్చేవాడికే. నువ్వు ఇస్తానంటే నీకే."

ఇవ్వకపోతే నా దుకాణం మూతపడుతుంది. ఇంతవరకు తికమకేమీ లేదు, కొత్తది కొనెయ్యడమే. అడ్డం వచ్చింది మెత్వల్లీ.

మెత్వల్లీ ట్రామ్ నడిపి రిటైరైన మనిషి. పిల్లల్లేరు. భార్య నఈమా కిందటేడు పోయింది. ఆవిడ ఉండగా ఎప్పుడో ఒకసారి నా దుకాణానికి వచ్చేవాడు, పోయాక ప్రతి మధ్యాహ్నం వస్తున్నాడు. చంకలో పాచికలతో ఆడే తౌలా ఆట పెట్టె ఇరికించుకుని గుమ్మంలో నిలబడి, కంప్యూటర్ తెరమీద మెల్లగా పాకుతున్న పచ్చ గీతని చూస్తాడు.

"మిషన్ నడుస్తోందా?"

"నడుస్తోంది."

"అయితే మేం కూర్చుంటాం."

ఆ మేం ఆయనొక్కడే. మా అలెగ్జాండ్రియా పాతవాళ్ళు ఒంటరిగా ఉన్నా మేం తిన్నాం, మేం పడుకున్నాం అంటారు. కైరోవాళ్ళు మన వెనక ఇంకెవరున్నారా అని వెతికినట్టు నటించి ఎగతాళి చేస్తారు. నఈమా ఉన్నన్నాళ్ళూ ఆ మాట నా చెవికి ఆనేది కాదు. ఆవిడ పోయాక, మేం రాత్రి పప్పు వండుకున్నాం అని మెత్వల్లీ అంటే మాత్రం ఎటు చూడాలో తెలిసేది కాదు.

సినిమా వండుతున్నంతసేపూ నా పాత కంప్యూటర్‌ని ముట్టుకోకూడదు. వేలు తగిలితే చాలు బిగుసుకుపోయి మళ్ళీ మొదటికి వస్తుంది. కాబట్టి ఆ గంటల్లో నాకు చెయ్యడానికి పనుండదు. ఆ సంగతి తెలుసు కాబట్టే మెత్వల్లీ కూర్చునేవాడు. పెళ్ళి పనేమీ లేని రోజుల్లో నేను ఎంత పిలిచినా గుండెమీద చెయ్యి పెట్టుకుని, అల్లా నీకు మేలు చెయ్యాలి అంటూ సాగిపోయేవాడు. తప్పు ఆయనది కాదు. మా దగ్గర తింటున్న ప్రతివాడూ దారిన పోయే ప్రతివాణ్ణీ రండి, తినండి అంటాడు. నిజంగా ఎవరైనా వచ్చి కూర్చుంటే రొట్టె గొంతులో అడ్డంపడుతుంది. అందుకని పరువున్నవాడెవడూ పిలుపుని నమ్మడు. మెత్వల్లీ నా పిలుపుని ఒక్కనాడూ నమ్మలేదు, నా మిషన్‌ని నమ్మాడు.

ఒకసారి బిళ్ళలు సర్దుతూ తనే చెప్పాడు. "నిన్న నీతో మాట్లాడాక నోరు విప్పడం మళ్ళీ ఇప్పుడే. మధ్యలో రొట్టెలవాడితో మాట్లాడాం. అది లెక్కలోకి రాదు."

వగ్దీ దుకాణం నుంచి నేను తెచ్చుకున్నది సలహాలు తప్ప ఇంకేం లేవు. ప్రాసెసర్ ఒక్కటి మారుస్తావా అంటే, అది నా పాత మదర్‌బోర్డు పలకలో దిగదట, కాళ్ళు కలవవట. పలక మారిస్తే పాత మెమరీ దానికి సరిపడదట. మెమరీ మారిస్తే కరెంటు డబ్బా చాలదట. డబ్బా మారిస్తే పెట్టె ఇరుకట. అన్నీ మార్చాక నా కంప్యూటర్‌లో నాదంటూ మిగిలేది పక్కన నా మనవరాలు అతికించిన పిల్లి బొమ్మ. అలాంటప్పుడు దీన్ని మార్చడం అంటారా, పాతిపెట్టి ఇంకోదాన్ని తెచ్చుకోవడం అంటారా అని అడిగాను. మీ ఇష్టం హాగ్, బిల్లు ఒకటే అన్నాడు వగ్దీ.

మా బావమరిది షవ్కీ అయితే ఇప్పుడు కొనడం వట్టి తెలివితక్కువ పని అన్నాడు. కొత్త తరం వస్తోంది, అది వచ్చాక కొను అన్నాడు. షవ్కీ అలా ఆగి ఆగి, ఇప్పటికీ పక్కింటివాళ్ళ కంప్యూటర్‌లోనే ఉత్తరాలు కొట్టించుకుంటున్నాడు. అదే మధ్యాహ్నం కెమెరాల రిపేరు చేసే గిర్గిస్ వచ్చి ఇంకో బాంబు పేల్చాడు. పద్నాలుగుతో ఆ లెక్క అయిపోయిందట, తర్వాత పేరు మార్చి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టారట. అంటే ఇప్పుడు ఒకటి పద్నాలుగు కంటే పెద్దదా అని అడిగాను. కొన్నిటికి పెద్దది, కొన్నిటికి కాదు అన్నాడు. నేను బజ్జీలు తెచ్చుకుంటానని బయటికి వచ్చేశాను.

ఇంట్లో ఇన్షిరాహ్‌కి ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పాను. నా భార్య ఓపిగ్గా విని, తనకి అర్థమైంది ఒక్కటేననీ, నాకేమీ అర్థంకాలేదన్నదే అదనీ అంది.

మెత్వల్లీకి చెప్పకుండా ఎలా ఉంటాను? ఆట మధ్యలో చెప్పాను. ఆయన పాచికలు గుప్పిట్లోనే పట్టుకుని ఆలోచించాడు.

"ఇప్పుడు నీ దగ్గరున్నది నాలుగు. జంట రెండ్లు. చెడ్డ పందెం కాదు. మేం జంట రెండ్లతో ఎన్ని ఆటలు గెలవలేదు?"

"ఇప్పుడు పద్నాలుగు నడుస్తోందట."

"పాచికలు రెండు. దూషెష్ పడితే పన్నెండు. అంతకంటే పైన దేవుడు కూడా వెయ్యలేడు. ఈ పద్నాలుగు ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎవరో మోసం చేస్తున్నారు."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ రోజు నుంచి కాఫీ కొట్టులో వినివచ్చిన కారణాలు ఒక్కొక్కటే తెచ్చి నా ముందు పెట్టడం మొదలుపెట్టాడు. కొత్తవి పొయ్యిలా వేడెక్కుతాయన్నాడు. సందులో ఫ్యూజులు ఎగిరిపోతాయన్నాడు. చైనావాళ్ళు ఏదో చేస్తున్నారన్నాడు గానీ ఏం చేస్తున్నారో ఆయనకీ తెలీదు. ఒకనాడు మాత్రం తన వృత్తిలోంచి ఒక మాట తీశాడు.

"ట్రామ్‌ని గట్టిగా తోలామనుకో. ఏమవుతుంది? తర్వాతి స్టేషన్‌కి ముందే చేరతాం. అక్కడ సిగ్నల్ కోసం నిలబడతాం. ఆ మిగిలిన టైముతో నువ్వేం చేస్తావు, బహ్గత్?"

ఆ టైముతో ఏం చేస్తానో నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. వేడి సంగతి వగ్దీని అడిగితే ఫ్యాను పెట్టుకోమన్నాడు, ఈ సంగతి ఎవర్ని అడగను? పండగ దగ్గరికి వచ్చేస్తోంది. దవ్లత్ రెండుసార్లు ఫోను చేసింది, రెండుసార్లూ నేను స్నానంలో ఉన్నానని ఇన్షిరాహ్ చెప్పింది. మూడోసారి చేస్తే నీ మొగుడు తిమింగలమా అని అడిగిందట.

ఆ మర్నాడే ఇన్షిరాహ్ దుకాణానికి వచ్చింది, కాగితంలో చుట్టిన వేడివేడి కాలేయం సాండ్‌విచ్‌లు పట్టుకుని. ఆవిడ ఊరికే రాదు. పచ్చ గీత సగం దాకా పాకి ఉంది. నేనూ మెత్వల్లీ పెట్టె తెరుచుకుని కూర్చున్నాం. కొంటున్నావా లేదా అని నన్ను నిలదీసింది. నేను గొణిగాను. మెత్వల్లీ నా బదులు జవాబు చెప్పాడు.

"పాచికల్లో పద్నాలుగు పడితే కొంటాడు, ఇన్షిరాహ్. మేం ఒప్పందం చేసుకున్నాం."

మేమలాంటి ఒప్పందమేదీ చేసుకోలేదు. అయినా నాకు ఎక్కడో హాయిగా అనిపించింది. పద్నాలుగు పడదు కాబట్టి కొననక్కర్లేదు. దవ్లత్‌కి ఏం చెప్పాలో తర్వాత చూసుకోవచ్చు.

ఇన్షిరాహ్ చెయ్యి తుడుచుకుని పాచికలు తీసుకుంది. పెళ్ళయినప్పటి నుంచి ఆవిడ తౌలా ఆడడం నేను చూడలేదు. వేసింది. మూడు, రెండు.

"అయిదు," అన్నాడు మెత్వల్లీ తృప్తిగా.

"ఆగండి," అంది. రెండిటినీ వేళ్ళతో పట్టుకుని అలాగే బోర్లా తిప్పింది. "అడుగున నాలుగు, అయిదు. తొమ్మిది. పైనది, కిందది కలపండి."

మెత్వల్లీ కలిపాడు. పాచికలు లాక్కుని తనే వేశాడు. దూషెష్ పడింది. ఏ రోజైనా దూషెష్ పడితే పెట్టె అదిరేలా చరుస్తాడు, ఆ రోజు చరవలేదు. మెల్లగా తిప్పి చూశాడు. అడుగున ఒకటి, ఒకటి. మళ్ళీ వేశాడు. మళ్ళీ పద్నాలుగే.

"ఎలా వేసినా అంతే," అంది ఇన్షిరాహ్. "మా చెల్లెలి మనవడికి చుక్కలు లెక్కపెట్టడం నేర్పుతుంటే కనబడింది."

మెత్వల్లీ ఆ చిన్న ఎముక పాచికల్ని అరచేతిలో దొర్లించాడు. "ఇన్నేళ్ళూ పైవే చూశాం," అన్నాడు. తర్వాత ఆట సగంలోనే బిళ్ళలన్నీ పెట్టెలోకి తోసి మూత వేశాడు. "కొనుక్కో, బహ్గత్. మేం అడ్డం పడ్డామని ఎవరూ అనకూడదు." సాండ్‌విచ్ ముట్టకుండా వెళ్ళిపోయాడు.

నాకు ఇన్షిరాహ్ మీద కోపం వచ్చింది. ఆయనకి మిగిలింది ఈ కాస్త మధ్యాహ్నమేనని నీకు తెలుసు కదా, అయినా ఎందుకలా చేశావని అడిగాను.

"దుకాణం మూతపడితే మీరిద్దరూ ఏ గుమ్మంలో కూర్చుంటారు?" అంది. సాండ్‌విచ్ మళ్ళీ కాగితంలో చుట్టి, సాయంత్రం ఆయనింట్లో ఇచ్చి రమ్మంది.

కొన్నాను. వగ్దీ అదేదో పెళ్ళి జరిపిస్తున్నట్టు అన్నీ బిగించాడు. పిల్లి బొమ్మని వేడినీటి గుడ్డతో ఊడదీసి కొత్త పెట్టెకి నేనే అతికించాను. పండగ తర్వాత మొదటి పెళ్ళి, దవ్లత్ హాలులోనే. ముక్కలు కత్తిరించడం పూర్తిచేసి మీట నొక్కి, టీ పెట్టుకుందామని స్టవ్ దగ్గరికి వెళ్ళాను. నీళ్ళు మరగకముందే వెనక నుంచి టింగ్ అని శబ్దం వచ్చింది. ఏదో చెడిపోయిందనుకుని పరిగెత్తాను. సినిమా అయిపోయింది. నమ్మకం కలగక మొదటి నుంచి చివరిదాకా చూశాను. పెళ్ళికొడుకు బాబాయ్ డాన్సు చేస్తూ పడిపోవడంతో సహా అంతా ఉంది.

సబాహియ్యలో అందరూ ఆ సినిమా చూశారు. దవ్లత్ మనిషిచేత రెండు పావురాలు పంపింది, ఇంకా వేడిగా ఉన్నాయి. ఈ కాలం ముహూర్తాలన్నీ నావే అని కబురు పెట్టింది. ఇన్షిరాహ్ నాలుక ఆడిస్తూ జగరూత కూత పెట్టింది, సందంతా వినబడేలా. నేను గెలిచాను.

గెలిచినవాడు మధ్యాహ్నం ఏం చేస్తాడో నాకు అప్పుడు తెలిసింది. కెమెరా అద్దాలు తుడిచాడు. తీగలు చుట్టాడు. చుట్టిన తీగలు విప్పి మళ్ళీ చుట్టాడు. కుర్చీ కాస్త ఎడమకి జరిపాడు.

మెత్వల్లీ తన వేళకి వచ్చాడు. చంకలో పెట్టె, గుమ్మంలో నిలబడ్డాడు. తెర నల్లగా ఉంది.

"మిషన్ నడుస్తోందా?"

నా నోరు పడిపోను, గొప్పగా చెప్పుకున్నాను. "పొద్దున్నే అయిపోయింది. టీ మరిగేలోపు."

"మాషా అల్లా," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. పెట్టెని ఇంకో చంకలోకి మార్చుకున్నాడు.

"రా, కూర్చో," అన్నాను.

ఆయన గుండెమీద చెయ్యి పెట్టుకున్నాడు. "అల్లా నీకు మేలు చెయ్యాలి. నేను వెళ్తాను."

నేను, అన్నాడు. నేను పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట ఆ మాట వినలేదు. నఈమాని మట్టిలో పెట్టిన రోజు కూడా మేం ఇంటికి పోతాం అన్న మనిషి. వెనక నుంచి పిలిచాను. నిజంగానే పిలుస్తున్నాను, ఊరికే కాదు, మర్యాదకి కాదు అని కూడా అరిచాను. మర్యాదకి పిలిచేవాడు కూడా సరిగ్గా అవే మాటలు అంటాడని అరిచాక గుర్తొచ్చింది. ఆయన వెనక్కి చూడకుండా చెయ్యి ఊపి మలుపు తిరిగాడు.

తర్వాత రాలేదు. ఇంటికి వెళ్తే టీ ఇచ్చి, పనిమీద ఉన్నవాడివి, ఇంతసేపు కూర్చోకు అని నన్నే లేవగొట్టాడు. రొట్టెల దగ్గర కనిపిస్తే కొత్త మిషన్ ఎలా ఉందని మర్యాదగా అడిగాడు. తన దగ్గర వదిలేసిన నా నాలుగో తరాన్ని కొనేవాడెవడైనా దొరికాడా, లేకపోతే వెనక్కి ఇచ్చేస్తావా అని వగ్దీని ఫోనులో అడిగాను. హాగ్, మీకు ఒంట్లో బాగుందా అన్నాడు.

ఒక మధ్యాహ్నం చుట్టిన తీగలు మళ్ళీ చుడుతుంటే బీరువా కనిపించింది. అందులో ఇరవై ఏళ్ళ పెళ్ళిళ్ళు. ఎప్పుడో ఇచ్చేసినవి, పిల్లలు పుట్టినవి, కొన్ని విడిపోయినవి కూడా. చేతికందిన డిస్కు తగిలించాను. ఒక పెళ్ళి పెడితే టీ మరిగేలోపు అయిపోతుంది, అందుకని ఉన్నవన్నీ వరసలో పెట్టాను. మీట నొక్కాను. పచ్చ గీత కదిలింది. ఇది తెలివైన పనో, వెర్రి పనో నాకు అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. వేగంగా నడవడానికని కొన్న దానికి అక్కర్లేని పని మోపి సాయంత్రం దాకా కూర్చోబెడుతున్నాను.

సందు మలుపులో మెత్వల్లీ సంచిలో రొట్టెలతో వస్తున్నాడు. గుమ్మంలోకి వచ్చి అరిచాను.

"మెత్వల్లీ! మిషన్ నడుస్తోంది!"

ఆగాడు. ఇంటికి పోయాడు. కాసేపటికి చంకలో పెట్టెతో వచ్చాడు. తెరకి దగ్గరగా వంగి చూశాడు.

"ఇది ఇస్మాయీల్ కూతురి పెళ్ళి. ఆ పిల్లకి ఇద్దరు కొడుకులు."

"మళ్ళీ చెయ్యాలి," అన్నాను. "పాతవన్నీ కొత్త తరంలోకి మార్చాలి. చాలా ఉన్నాయి. నన్నయితే ముట్టుకోనివ్వదు."

ఆయన నా మొహం వైపు చూశాడు. నేను తీగల వైపు చూశాను. ఈ కొత్తది ఎంత ముట్టుకున్నా బిగుసుకుపోదని సందులో అందరికీ తెలుసు, వగ్దీ వచ్చినప్పుడు గట్టిగా చెప్పి మరీ వెళ్ళాడు.

మెత్వల్లీ మళ్ళీ గీత వైపు తిరిగి, అది కదులుతోందో లేదో చూశాడు. కదులుతోంది.

"ఎవరూ ఎక్కని ట్రామ్‌ని కూడా టైముకి నడిపేవాళ్ళం," అన్నాడు.

కుర్చీ లాక్కుని కూర్చుని, మోకాళ్ళ మీద పెట్టె తెరిచాడు.

"మేం నల్లవి తీసుకుంటాం."